వదిన వదులుకున్న నీళ్ల వంతు

మా వదినకి క్యారెట్ గురించి తెలిసినంత నాకు నా మొగుడి గురించి తెలియదు. ఎగతాళికి అనడం లేదు. వదిన అంటే మా ఆయనకి స్వయానా అక్క. ఒక హాస్టల్ వంటగదిలో పందొమ్మిదేళ్లు పనిచేసింది. మూడు వందల మంది పిల్లలు, రోజూ పొద్దున్నే రెండు బస్తాల క్యారెట్. కత్తి దించగానే చెప్పేసేది, ఇది చేదు, ఇది చెక్క, ఇది పిల్లలు పళ్లేల్లో వదిలేసేది అని. ఏది ఎందుకలా అయిందో మాత్రం ఆవిడకి తెలియదు. పండించినవాణ్ణి తిట్టడం ఒక్కటే తెలుసు. అప్పటికి ఆవిడ జన్మలో ఒక్క విత్తనం నేలలో వేసి ఎరగదు.

నాది క్యారెట్ కడిగే షెడ్డులో పని. ఏరే బల్ల దగ్గర ఆరుగురం ఆడవాళ్లం, అందులో నేను పెద్దదాన్ని. డ్రమ్ములో తిరిగి మట్టి వదిలిన క్యారెట్లు తడితడిగా మా ముందుకి వస్తాయి. నున్నగా, నిటారుగా ఉన్నవి మొదటి రకం. వంకరవి, పొట్టివి, పీచువేళ్లు పట్టినవి రెండో రకం, వాటికి సగం ధర. పగిలినవి పశువులకి, వాటికి ధర అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు. పక్కపక్క పొలాల్లో, ఒకే విత్తనం, ఒకే ఎరువు వేసినవాళ్లలో ఒకడు నవ్వుతూ వెళ్తాడు, ఇంకొకడు ఖాళీ గోనెలు భుజాన వేసుకుని ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్తాడు. తేడా ఎక్కడా అంటే నీళ్ల దగ్గరే. పన్నెండేళ్లుగా చూస్తున్నాను, నూటికి తొంభైసార్లు నీళ్లే.

హాస్టల్ మూసేశాక వదిన ఒక ట్రంకు పెట్టె, తన కత్తి పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. భర్తతో పొసగక ఎప్పుడో విడిపోయింది, పిల్లల్లేరు. వచ్చిన మూడో రోజే వాళ్ల అన్నయ్య దగ్గరికి, అంటే మా బావగారి దగ్గరికి వెళ్లి, కాలవ పక్కనున్న ఎకరం తనకి సాగుకి ఇమ్మంది. బావగారికి చెల్లెలంటే ప్రాణం. కానీ ఆ ప్రాణం ఎప్పుడూ అరుపుల రూపంలోనే బయటికొస్తుంది.

"నీకు వ్యవసాయం ఏం తెలుసే? గరిటె తిప్పినంత తేలికనుకున్నావా?"

"గరిటె తిప్పడం తేలికని నీకెవరు చెప్పారు అన్నయ్యా? నువ్వెప్పుడైనా తిప్పావా?"

ఇచ్చారు. ఇవ్వక ఏం చేస్తారు.

ఇక్కడ మా నీళ్ల సంగతి చెప్పాలి. కాలవ దగ్గర ఒక పంపు ఉంది. దాని కింద ఎనిమిది పొలాలు. పగలే నడుస్తుంది. రోజుకి ఇద్దరికి, ఒక్కొక్కరికి నాలుగు గంటలు. అంటే నాలుగో రోజుకోసారి వంతు వస్తుంది. నీ వంతులో నీళ్లు వద్దన్నావో, అవి పక్కవాడికి పోతాయి. వరుసగా రెండు వంతులు వదిలేశావో, నీ పేరు వరుసలో చిట్టచివరికి జరుగుతుంది. అక్కడికి వచ్చేసరికి పంపు ఆగే వేళవుతుంది, మిగిలితే తడి, లేకపోతే పొడి. అందుకని ఇక్కడ ఎవరూ వంతు వదలరు. నేలకి జలుబు చేసి తుమ్ములొస్తున్నా సరే, వంతు వచ్చిందంటే నాలుగు గంటలూ నీళ్లు నింపాల్సిందే. వదిలేసినవాణ్ణి చేతకానివాడంటారు.

మొదటి పంటకి వదిన నీళ్లంటే భయపడింది. కుళ్లిపోతాయేమోనని సగం సగం తడులు పెట్టి, ఆకులు వాలిపోయేదాకా చూసి, అప్పుడు కంగారుపడి ఒక్కసారిగా ముంచేసింది. నా బల్ల మీదకి వచ్చినవాటిలో పదింటికి ఆరు నిలువునా పగిలిపోయాయి. ఎండిన నేలలో క్యారెట్ పైతోలు బిగుసుకుపోతుంది. నీళ్లు ఒక్కసారి తగిలేసరికి లోపల ఉబ్బుతుంది, తోలు సాగదు, ఫట్‌మంటుంది. రెండో పంటకి ఆ భయంతోనే అటు చివరికి వెళ్లింది. ప్రతి వంతూ నాలుగు గంటలూ పెట్టింది. కావలసినన్ని నీళ్లు పైనే దొరుకుతుంటే వేరు కిందికి ఎందుకు దిగుతుంది? పొట్టిగా, పాలిపోయి, ఒంటినిండా పీచువేళ్లతో వచ్చాయి.

"ఇవి క్యారెట్లా, గడ్డం గీసుకోని ముసలాళ్లా?" అన్నాను. నాకు నోరు ఆగదు.

వదిన నవ్వలేదు. ఒకటి విరిచి, వాసన చూసి, నమిలింది. "నీళ్ల రుచే ఉంది. తీపి లేదు," అంది.

ఈలోగా ఇటుకల బట్టీ ఆయన బావగారి వెంట పడ్డాడు. ఆ ఎకరంలో మట్టి మంచిదట, నడుములోతు తవ్వుకుంటానన్నాడు. నడుములోతు తవ్వాక అక్కడ మిగిలేది గొయ్యి. బావగారు రెండు రోజులు అటూ ఇటూ తిరిగి, మూడో రోజు మా ఇంటికొచ్చి, కుర్చీలో కూచోకుండానే చెప్పేశారు.

"చూడమ్మా, మూడో పంట ఆఖరిది. పది ట్రేలకి ఏడు మొదటి రకం రావాలి. వస్తే పొలం నీదే, నేను బతికున్నంతకాలం అడగను. రాకపోతే మట్టి ఇచ్చేస్తాను. ఇంకేం మాట్లాడొద్దు."

"ఏడేగా," అంది వదిన.

బావగారు వెళ్లాక మాత్రం గిన్నెలు తోముతున్న నా పక్కన వచ్చి నిలబడింది. "ఆ పొలం పోతే మళ్లీ ఎవరి వంటింట్లోనో చేరాలి మరదలా. పందొమ్మిదేళ్లు ఎవరో పండించింది తరిగాను. నేను పండించింది ఇంకొకళ్లు తరుగుతుంటే చూడాలని ఉంది. ఆశ ఎక్కువైందంటావా?" అని అడిగింది. ఎక్కువేం కాదని చెప్పి గిన్నెలు గట్టిగా తోమాను.

మూడో పంటకి వదిన ఒక విరిగిన గొడుగు చువ్వ పట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. నేలలో గుచ్చేది. తడి ఉన్నంత మేర దిగుతుంది, పొడి తగలగానే ఆగిపోతుంది. ఆగినచోట వేలితో పట్టుకుని పైకి తీసి, ఎంత లోతో చూసుకునేది. అక్కడ ఒకసారి, పది అడుగుల అవతల ఒకసారి, గట్టు దగ్గర ఒకసారి. దారినపోయేవాళ్లంతా నవ్వేవాళ్లు. చువ్వక్క అని పేరు కూడా పెట్టేశారు.

"ఏంటి వదినా, నేలకి ఇంజెక్షన్ చేస్తున్నావా?" అన్నాను ఓ రోజు.

"జ్వరం చూస్తున్నా. నీకూ చూడమంటావా? నోరు బాగా వేడిగా ఉన్నట్టుంది."

మొలకలు వచ్చేదాకా పైపైన మాత్రం తడి ఆరనివ్వలేదు. నేల పైన పొర గట్టిపడితే మొలక తల ఎత్తలేదు. నాలుగాకులు వచ్చాక కావాలని కాస్త దాహం పెట్టింది, వేరు నీళ్లు వెతుక్కుంటూ కిందికి దిగాలని. లావెక్కే వేళకి ఎక్కువా కాదు, తక్కువా కాదు, ఎప్పుడూ ఒకేలా ఉండాలంది. నాలుగో రోజుకోసారి నాలుగు గంటలు పెడితే ఒకేలా ఎలా ఉంటుంది? దానికీ ఉపాయం పన్నింది. పక్క పొలం మొక్కజొన్నాయనతో ఒప్పందం పెట్టుకుంది. ఆయన వంతు వదిన వంతయ్యాక ఒక రోజు విడిచి వస్తుంది. ఆవిడ తన నాలుగు గంటల్లో రెండు ఆయనకిస్తుంది, ఆయన తన నాలుగు గంటల్లో రెండు ఆవిడకిస్తాడు. ఇద్దరికీ రోజు విడిచి రోజు రెండేసి గంటలు. ఎవరి పేరూ వరుసలో జరగదు. ఇన్నేళ్లుగా ఆ పంపు కింద ఎవరికీ తట్టని సంగతి హాస్టల్ వంటమనిషికి తట్టింది.

రెండు నెలలు గడిచేసరికి ఆ క్యారెట్లు చూసి నాకే కళ్లు కుట్టాయి. ఒకటి పీకి ఇస్తే తుడుచుకుని అక్కడే కొరికాను. ఎంత తీపి! పదింటికి తొమ్మిది వస్తాయని లెక్కేసుకున్నాను. పైకి అనలేదు, నా దిష్టే తగులుతుందని.

పీకడానికి ఇంకా మూడు వారాలుందనగా పంపు మోటారు కాలిపోయింది.

బాగుచేసేవాడు రేపు రేపంటూ తొమ్మిది రోజులు చేశాడు. పైన నిప్పులు చెరిగే ఎండ. వదిన ఎండుగడ్డి తెచ్చి వరుసల మధ్య పరిచింది, తెల్లారకముందే లేచి కుండలతో చల్లింది. కుండలతో ఎకరం తడుస్తుందా? గొడుగు చువ్వ రెండంగుళాలు కూడా దిగడం మానేసింది. పదో రోజు మోటారు తిరిగింది. ఆ రోజు మొదటి వంతు వదినదే. కాలవ గట్టు మీద అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వదిన చేలోకి నీళ్లొచ్చే మడవ తెరిచి, సన్నగా గంటసేపు నీళ్లు పారించి, మూసేసింది. ఒప్పందం ప్రకారం రెండు గంటలు మొక్కజొన్నాయనకి పోగా, తనకి మిగిలిన గంటని కింది పొలాలకి వదిలేసింది.

బావగారికి కబురు ఎలా అందిందో, చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చారు.

"నీకేమైనా మతిపోయిందా? తొమ్మిది రోజులుగా నాలుక పిడచకట్టుకుపోయిన పంట! గుమ్మంలోకొచ్చిన నీళ్లని పొమ్మంటావా?"

"దాహంగా ఉంది కాబట్టే కొంచెం పెట్టాను అన్నయ్యా. ఇప్పుడు ముంచితే పగులుతాయి. ఇవాళ గంట, ఎల్లుండి గంట, ఆ తర్వాత రెండు. మెల్లగా తేరుకుంటాయి."

"ఎల్లుండి కూడా గంటేనా? రెండుసార్లు వదిలేశావని నీ పేరు చివరికి నెట్టేస్తారు! అప్పుడేం చేస్తావ్?"

"గంట పెట్టుకున్నదాన్ని వదిలేసిందంటే ఊరుకుంటానా? నువ్వు ఇంటికెళ్లి మంచినీళ్లు తాగు. కొంచెం కొంచెంగా తాగు."

ఆ చివరి మాటకి నేను నవ్వాను. బావగారు నా వంక ఒక చూపు చూసి వెళ్లిపోయారు.

అన్నట్టే మూడో రోజు వదిన తన గంట పెట్టుకుని, మడవ మూసి, పీకే రోజుకి ట్రేలు మాట్లాడుకోడానికి షెడ్డుకి నా దగ్గరికి వచ్చింది. మధ్యాహ్నం ఇద్దరం కలిసే పొలానికి వెళ్లాం. కింది మళ్లలో నీళ్లు నిలబడి తళతళలాడుతున్నాయి. ఎకరంలో మూడో వంతు. గడ్డి తేలుతోంది. మడవ మళ్లీ మూసే ఉంది. వదిన గట్టు మీద కూలబడి, చాలాసేపు ఆ మడవ వంకే చూస్తూ కూచుంది.

నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ వేళకి నీళ్లు పెట్టుకునేది మొక్కజొన్నాయన. తన చేనుకి తిప్పుకోబోయి, అజాగ్రత్తగా వదిన చేనులోకి వదిలేసి, తర్వాత నంగనాచిలా మూసేసి ఉంటాడు. నేరుగా వెళ్లి కడిగేశాను. ఆయన తన పిల్లల మీద ఒట్టేశాడు. పిల్లల మీద ఒట్లేసే మొగాళ్లని చాలామందిని చూశానన్నాను. ఆయన భార్య వచ్చి మధ్యలో నిలబడితే ఆవిణ్ణీ నాలుగు అన్నాను.

"ఆయన కాదులే, వదిలెయ్," అంది వదిన వెనకనించి.

"మరెవరు? నీళ్లు వాటంతటవే నడిచొచ్చాయా?"

"వదిలెయ్యమన్నానా!" అని మొదటిసారి నా మీద గట్టిగా అరిచింది. మూతి ముడుచుకుని ఇంటికొచ్చేశాను. ఆ తర్వాత పీకే రోజుదాకా మొక్కజొన్నాయన కనబడితే మొహం తిప్పుకున్నాను.

నాలుగు రోజులకి కింది మళ్లలో ఒకటి పీకి చూశాం. గోరు దూరేంత చీలిక.

పీకే రోజు వచ్చింది. నాలుగు వందల ట్రేలు. పదింటికి ఏడంటే రెండు వందల ఎనభై రావాలి. పై మళ్లవీ, కింది మళ్లవీ అన్నీ కలిపే షెడ్డుకి వచ్చాయి. బావగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ఒక ట్రే బోర్లించుకుని గోడ పక్కన కూచున్నారు. నిండిన మొదటి రకం ట్రేకి ఒక సుద్దగీత చొప్పున గోడ మీద గీస్తున్నారు. వదిన డ్రమ్ము దగ్గర గోనెలు ఒంపుతోంది.

మధ్యాహ్నానికే నాకు తెలిసిపోయింది, అందవని. పై మళ్లవి అద్దాల్లా ఉన్నాయి. కిందవి సగానికి సగం పశువులకే. అప్పుడు ఒక పని చేశాను. తప్పే, ఒప్పుకుంటున్నాను. వెంట్రుకవాసి చీలిక ఉన్న క్యారెట్ తడిగా ఉన్నప్పుడు కనబడదు, ఆరాకే తెలుస్తుంది. వేలు పెడితే నాకు తెలుస్తుంది గానీ, చూసేవాళ్లకి తెలియదు. అలాంటివి చేతికొస్తే మొదటి రకంలోకి తోసేయడం మొదలుపెట్టాను. పన్నెండేళ్లలో ఎవరికీ చెయ్యలేదు. నా పక్కనున్న పిల్ల చూసింది. నేను దాని కాలు తొక్కాను.

సాయంత్రం నాలుగింటికి బల్ల ఖాళీ అయింది. గోడ మీద గీతలు రెండు వందల ఎనభై మూడు. బావగారు రెండుసార్లు లెక్కపెట్టి లేచి నిలబడ్డారు. ఆ మొహంలో ఎంత సంతోషం! నవ్వు ఆపుకోలేక మీసం దువ్వుకుంటున్నారు.

వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి, చివరి ట్రేల వరస దగ్గర వంగింది. ఒక క్యారెట్ తీసి, తువ్వాలుతో పొడిగా తుడిచి, రెండు చేతులతో కొంచెం వంచింది. చీలిక నోరు తెరిచింది. దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి తీసింది. అదీ అంతే. నా వంక చూసింది. నేను నేల చూపులు చూశాను.

"పొలం పోతుంది వదినా," అన్నాను గొణుక్కుంటూ.

"ఇవి రేపటికల్లా కొన్నవాళ్ల దగ్గర నోరు తెరుస్తాయి. ఎల్లుండికి నీ ఉద్యోగం పోతుంది. ఏ వంటమనిషో చీలికల్లో మట్టి గీకలేక నన్ను తిడుతుంది. నేను అలా ఎంతమందిని తిట్టానో నాకు తెలుసు."

నా చేతి మీదుగా నిండిన ఆ వరస ట్రేలన్నీ బల్ల మీదకి ఎత్తించింది. ఒక్కొక్కటీ తుడిచి, వంచి, ఏరింది. గంట పట్టింది. తీసేసినవన్నీ కలిపితే తొమ్మిది ట్రేలు. సుద్దముక్క తీసుకుని తొమ్మిది గీతలు తనే కొట్టేసింది.

"రెండు వందల డెబ్బయి నాలుగు. ఆరు తక్కువ అన్నయ్యా. మాట మాటే. మట్టి ఇచ్చెయ్."

బావగారు గోడకేసి తిరిగి ఆ కొట్టేసిన గీతల్నే చూస్తున్నారు. చివరికి అటు తిరిగే చెప్పారు.

"ఆ మడవ తిప్పింది నేనే."

మొక్కజొన్నాయనా, ఆయన భార్యా కళ్లముందు మెదిలి సిగ్గుతో చచ్చిపోయాను.

"తెలుసు," అంది వదిన.

"ఎప్పట్నుంచి?"

"ఆ రోజు నుంచే. మడవ మూసి, రాయి పెట్టి, రాయి మీద మళ్లీ మట్టి కొట్టి అరచేత్తో నున్నగా తట్టేది నాన్నొక్కడే. నాన్న పోయాక నువ్వొక్కడివే."

"తెలిసి ఒక్క మాటైనా అడగలేదేం?"

"అడిగితే ఏం చెప్తావ్? నీ పేరు చివరికి పోతుందని భయమేసి, నీ మంచికే తిప్పానంటావ్. అది నిజమేగా. తెలిసిన సంగతి అడిగి నిన్ను తల వంచుకునేలా చెయ్యడం ఎందుకు?"

బావగారు గబుక్కున నా వైపు తిరిగారు. "అమ్మాయ్, కింది మళ్లవి తీసెయ్. అవి నా లెక్క. పై మళ్లవి మాత్రం లెక్కపెట్టు."

"ఎలా బావగారూ? అన్నీ కలిపి కడిగేశాం. ఏది ఎక్కడిదో ఇప్పుడెవరు చెప్పగలరు?"

ఆయన ట్రేల వైపు చూశారు, గోడ వైపు చూశారు. జేబులోంచి ఫోను తీసి, అక్కడే, మా అందరి ముందే ఇటుకల బట్టీ ఆయనకి చేశారు. బావగారికి వినికిడి కాస్త తక్కువ కాబట్టి ఫోనులో కూడా అరుస్తారు.

"మట్టి లేదండీ. ఆ... లేదు. ఎంతిచ్చినా లేదు. ఎందుకేంటి? క్యారెట్ వేస్తున్నాం మేం!"

వదిన బల్ల అంచు పట్టుకుని ఏడ్చేసింది. కాపురం చెడినప్పుడు ఏడవలేదు, హాస్టల్ మూసినప్పుడు ఏడవలేదు, నీళ్లు నిలిచిన మడి చూసి కూడా ఏడవలేదు. ఇప్పుడు ఆరుగురు ఆడవాళ్ల మధ్య, తడి గచ్చు మీద నిలబడి, ముక్కు చీదుకుంటూ ఏడుస్తోంది. బావగారు ఏం చెయ్యాలో తెలియక తన తువ్వాలు ఇచ్చారు.

"వచ్చే పంటకి నేనూ వస్తాను. ఏ పని చెప్తే ఆ పని చేస్తాను," అన్నారు.

వదిన కళ్లు తుడుచుకుంది.

"కలుపు తియ్యి. గోనెలు మొయ్యి. నీళ్ల జోలికి మాత్రం వచ్చావో, ఊరుకోను అన్నయ్యా."

"రాను," అన్నారు బావగారు.